డప్పు నుంచి సెల్‌ఫోన్ దాకా: యంత్రం మారితే సంబంధం మారుతుందా?

మా తాత ఊరికి వెట్టి. ఊళ్ళో ఏ ఇంట్లో చావు జరిగినా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉన్న బంధువులకు కబురు మోసే పని ఆయనది. వానయినా ఎండయినా, పగలయినా రాత్రయినా చేతికర్ర పట్టుకుని కాలినడకన పోవాలి. ఆ ఇంటి ముందు, వాకిట్లో అడుగు పెట్టకుండా నిలబడి, “దొరా, మీ బావగారు కాలం చేసిండు” అని కేక వెయ్యాలి. లోపల ఏడుపు మొదలవుతుంది. ఆయన మాత్రం బయటనే. ఎవరికన్నా గుర్తొస్తే కొట్టం పక్కన ఆకులో ఇంత బువ్వ పెడతారు, దోసిట్లో నీళ్ళు పోస్తారు. గుర్తురాకపోతే అట్లనే తిరుగు ప్రయాణం. పంటలప్పుడు కల్లం కాడ కొలిచి పోసే మానెడు జొన్నలే ఈ పనికి కూలి. ఊరందరికీ చెప్పాల్సిన సంగతులు, అంటే శిస్తు కట్టే గడువు, చెరువు తూము ఎత్తే రోజు, జాతర తేదీ, డప్పు కొట్టి చాటింపు వేసేది కూడా ఆయనే.

ఇవాళ ‘సమాచార వ్యవస్థ’ అని పెద్ద పేరుతో పిలుస్తున్నదాన్ని తరతరాలుగా మోసింది మాల మాదిగల కాళ్ళు, గొంతులు, డప్పులు. కబురు గడప లోపలికి పోయింది. కబురు తెచ్చిన మనిషి గడప బయట నిలబడ్డాడు.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చినంక ఈ పని దానంతటదే ఆగిపోయింది. ఎవరూ ఉద్యమం చేయలేదు, ఎవరూ చట్టం చేయలేదు. ఒక యంత్రం వచ్చి వెట్టిలో ఒక ముక్కను తీసేసింది. ఇది చిన్న సంగతి కాదు. “ఈ డబ్బా పుణ్యమా అని నా కాళ్ళు బతికినయి బిడ్డా” అని మా తాత నవ్వేవాడు.

మూడేళ్ళ కింద మా తాత చనిపోయాడు. మా ఊరికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ వస్తాయి. ఆ గ్రూపులో మా వాడ మనుషులు నలుగురో ఐదుగురో ఉన్నారు. మా తమ్ముడు తాత ఫొటో పెట్టి కబురు పెట్టాడు. ముప్ఫై దాకా దండం పెట్టే చేతుల బొమ్మలు వచ్చాయి. ఊరి చావులన్నీ మోసిన మనిషి చావుకు ఊళ్ళో నుంచి వాడకు నడిచివచ్చిన వాళ్ళు ఇద్దరు. కబురు చేరలేదని ఎవరూ అనడానికి లేదు. సెకను కూడా పట్టకుండా చేరింది. మనుషులే రాలేదు.

ఈ వ్యాసానికి ఆ రోజే మొదలు. కొత్త యంత్రాలు మనుషుల మధ్య సంబంధాలను రాబోయే రోజుల్లో ఎట్లా మారుస్తాయి అనే చర్చ ఇప్పుడు పత్రికల్లో, సెమినార్లలో జోరుగా సాగుతోంది. మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తగ్గిపోతోందని, ఇరుగుపొరుగు అనేది లేకుండా పోతోందని చాలామంది బాధపడుతున్నారు. ఆ బాధ అబద్ధమని మేము అనం. కానీ ఆ ‘మనుషులు’ ఎవరు? ఏ ఇరుగు, ఏ పొరుగు? ఊరికీ వాడకూ మధ్య ఇరుగుపొరుగు ఎప్పుడు ఉంది గనక ఇప్పుడు పోవడానికి? 2020లో కరోనా వచ్చినప్పుడు ‘సామాజిక దూరం’ అనే మాట దేశమంతా మోగింది. ఆ మాట కొత్తదని చాలామంది అనుకున్నారు. వెలివాడలో పుట్టినవాళ్ళకు అది పాత మాటే. అందుకే ‘భౌతిక దూరం’ అనమని దళితులు అడగాల్సి వచ్చింది.

సంబంధం అంటే ఏమిటి?

కులాన్ని మనం మామూలుగా వృత్తి అనీ, పెళ్ళి అనీ, భూమి అనీ అర్థం చేసుకుంటాం. అవన్నీ నిజమే. వాటితోపాటు కులం మనుషులు కలుసుకునే తీరును శాసించే కట్టుబాటు కూడా. ఎవరు ఎవరిని ముట్టుకోవచ్చు, ఎవరు ఎవరి ఎదురుగా కూర్చోవచ్చు, ఎవరిని ‘ఏమండీ’ అనాలి, ఎవరిని ‘ఏరా’ అనాలి, ఎవరి గ్లాసు ఎవరు కడగాలి, ఇవన్నీ రాతలో లేకపోయినా ఊరందరికీ కంఠతా వచ్చిన నియమాలు. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో తమ ఇంట్లో ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నామని నూటికి 27 కుటుంబాలు తామే ఒప్పుకున్నాయి. ఒప్పుకోని వాళ్ళ లెక్క అందులో లేదు.

ఈ నియమాల్లో మూడు ముఖ్యమైనవి. ఒకటి ముట్టు, రెండు చూపు, మూడు పేరు. యంత్రం వచ్చినప్పుడల్లా ఈ మూడింటిలో దేన్ని కదిలిస్తోంది, దేన్ని వదిలేస్తోంది అని చూడాలి. అప్పుడే మార్పు ఎంతో, మార్పులా కనబడేది ఎంతో తేలుతుంది.

టీ హోటల్‌నే చూడండి. రెండు గ్లాసుల పద్ధతి మీద దళిత సంఘాలు ఊరూరా కొట్లాడినయి, కేసులు పెట్టినయి. తర్వాత వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది, దాని వెనుక కాగితం కప్పు వచ్చింది. చాలా హోటళ్ళలో రెండు గ్లాసుల గొడవ అంతటితో సద్దుమణిగింది. అందరికీ ఒకటే కప్పు. సమానత్వం వచ్చినట్టేనా? దళితుడు తాగిన గ్లాసును అగ్రకులం మనిషి కడగాల్సిన అవసరం పోయింది, దళితుడు తన గ్లాసు తానే కడుక్కోవాల్సిన అవమానం కూడా పోయింది. రెండోది మనకు లాభమే, కాదనం. కానీ హోటల్ వాడి మనసులో ఏదీ మారకుండానే పని జరిగిపోయింది. కాగితం కప్పు అంటరానితనాన్ని ఓడించలేదు, దానికి పని లేకుండా చేసిందంతే. పని లేని అంటరానితనం ఇంట్లో స్టీలు గ్లాసు కాడ, పెళ్ళి పంక్తి కాడ, బావి కాడ మళ్ళీ పని వెతుక్కుంటుంది.

రైలు నేర్పిన పాఠం

యంత్రం కులాన్ని కరిగిస్తుందనే ఆశ ఈనాటిది కాదు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. అదే సంవత్సరం కార్ల్ మార్క్స్ ఒక అమెరికా పత్రికకు రాస్తూ, రైలు మార్గాల వెంట వచ్చే ఆధునిక పరిశ్రమ కులాలకు పునాదిగా ఉన్న వంశపారంపర్య శ్రమ విభజనను కరిగించి వేస్తుందని అంచనా వేశాడు. ఆ అంచనాలో కొంత నిజమైంది. టికెట్టు కొన్న ఎవరైనా పెట్టె ఎక్కొచ్చు. పక్కన కూర్చున్న మనిషిది ఏ కులమో ముందుగా తెలిసే వీలు లేదు. ఊరు విడిచి గనులకు, మిల్లులకు, పట్నాలకు పోయే దారి దొరికింది.

అయితే రైలు దిగినంక ఏమైందో అంబేద్కర్ చెప్పారు. 1901లో, తొమ్మిదేళ్ళ వయసులో, ఆయన తన అన్నతో, మేనల్లుడితో కలిసి తండ్రి పనిచేసే చోటికి రైల్లో బయలుదేరారు. పిల్లలు మంచి బట్టలు వేసుకుని మసూరు స్టేషన్‌లో దిగారు. మొదట జాలిపడ్డ స్టేషన్ మాస్టరు వాళ్ళు మహర్లని తెలియగానే వెనక్కి జరిగాడు. బండివాళ్ళు ఎవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకునే ఒప్పందం మీద ఒక బండి కుదిరింది. బండివాడు పక్కన నడుస్తూ వచ్చాడు. దారిలో పిల్లలకు తాగడానికి నీళ్ళు పుట్టలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. వాళ్ళు వస్తున్నట్టు రాసిన ఉత్తరం ముందే చేరింది. తండ్రి దగ్గర పనిచేసే బంట్రోతు దాన్ని ఆయన చేతికి ఇవ్వడం మరిచిపోయాడు.

ఇందులో మూడు పాఠాలు ఉన్నాయని మేము అనుకుంటున్నాం. యంత్రం నడిచినంత మేరకే కట్టుబాటు సడలింది. రైలు పట్టాలు ఎక్కడ ఆగితే అక్కడ ఊరు మొదలైంది. రెండోది, పేరూ కులమూ తెలియనంతసేపే పిల్లల మీద జాలి ఉంది. మూడోది, టపా ఎంత ఆధునికమైనా చివరి నాలుగడుగులు ఒక మనిషి చేతిలోనే ఉన్నాయి. ఆ మనిషి పట్టించుకోకపోతే ఆధునికత అక్కడే ఆగిపోతుంది.

నాలుగో పాఠం మన కళ్ళ ముందే ఉంది. ఆ రైలు పెట్టెల కింద, పట్టాల మీద పడ్డ మలాన్ని ఎత్తింది ఎవరు? యంత్రం పాత శ్రమ విభజనను కరిగించడం అటుంచి, పాకీ పనికి కొత్త చోటు చూపించింది. 1993లో ఒకసారి, 2013లో మరోసారి పార్లమెంటు చట్టాలు చేసింది. 2018లో కేరళలో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబో కూడా పనిలోకి వచ్చింది. అయినా మురుగు గుంటల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఎందుకంటే మన దేశంలో యంత్రం కంటే దళితుడి ప్రాణం చవక. యంత్రం లేకపోవడం ఒక సమస్య, ఉన్న యంత్రాన్ని కొనాలని అనిపించకపోవడం ఇంకో సమస్య. రెండోది ఇంజనీర్లు తీర్చేది కాదు.

ముట్టు పోయింది, పేరు వచ్చింది

ఇక ఇవాళ్టి యంత్రాల సంగతి. 2016లో ఫోను నుంచి ఫోనుకు డబ్బు పంపే యూపీఐ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో జియో రాకతో ఇంటర్నెట్ కూలివాడికి కూడా అందే ధరకు దిగింది. మా అమ్మ చిన్నతనంలో ఊళ్ళో దుకాణం ముందు పైసలు అరుగు మీద పెట్టి పక్కకు జరగాలి, సరుకు పైనుంచి పడెయ్యాలి. ఇవాళ అదే ఊళ్ళో అదే దుకాణంలో మా అమ్మ ఫోను చూపిస్తే ‘పది రూపాయలు అందాయి’ అని డబ్బా పలుకుతుంది. చేతికి చెయ్యి తగలదు, తగలాల్సిన అవసరమూ లేదు. ఆ డబ్బా అందరి డబ్బుకూ ఒకే గొంతుతో పలుకుతుంది. దాన్ని తక్కువ చేసి చూడం. మానెడు జొన్నల కోసం కల్లం కాడ కూర్చున్న తరం తర్వాత తరానికి ఇది గౌరవమే.

కానీ డబ్బుతోపాటు పేరు కూడా పోతుంది. పంపినవాడి ఇంటిపేరు అవతలి ఫోనులో కనబడుతుంది. తెలియని నంబరు నుంచి కాల్ వచ్చినా పేరు చూపించే యాప్‌లు ఉన్నాయి. రైల్లో పక్కన కూర్చున్నవాడిని “మీరేమిటోళ్ళు?” అని అడగడానికి కొంచెం సిగ్గన్నా ఉండేది. ఇప్పుడు అడగాల్సిన పని లేకుండానే తెర మీద సమాధానం వస్తుంది. పట్నం దళితుడికి ఇచ్చిన పెద్ద వరం ఎవరికీ తెలియకపోవడం. ఆ తెలియకపోవడం మెల్లగా పోతోంది. ముట్టు అవసరం తగ్గినకొద్దీ పేరు అవసరం పెరుగుతోంది. రాబోయే కాలపు కులం ముట్టుకోవడం మీద కాక, తెలిసిపోవడం మీద నడుస్తుందని మేము భావిస్తున్నాం.

ఇంటికి తిండి తెచ్చి ఇచ్చే కుర్రవాళ్ళను చూడండి. పాత వెట్టి గడప బయట నిలబడ్డట్టే వీళ్ళూ గడప బయట నిలబడతారు. కబురు బదులు బిర్యానీ. 2024 మార్చి 19న జొమాటో కంపెనీ శుద్ధ శాకాహారులకు విడిగా, ఆకుపచ్చ బట్టలు వేసుకున్న మనుషులతో తిండి పంపుతామని ప్రకటించింది. గొడవ లేచింది. మర్నాడు బట్టల రంగు వెనక్కి తీసుకుంది, అందరూ ఎర్ర బట్టలే వేసుకుంటారని చెప్పింది. విడి దళాన్ని మాత్రం వదులుకోలేదు. గమనించాల్సింది ఏమిటంటే, వండినవాళ్ళను, మోసినవాళ్ళను వేరు చేయాలనే కోరిక పాతదే. దాన్ని ఒక మీట నొక్కితే తీరే సౌకర్యంగా మార్చింది యంత్రం. పట్నంలో అద్దె గది వెతికినప్పుడు మాకు ఎదురైంది కూడా ఇదే. ఇంటాయన నోటితో అడిగే ప్రశ్నను ‘శాకాహారులకు మాత్రమే’ అనే గడి ముందే అడిగేస్తుంది. నోటితో అడిగితే ఎదురు అడగొచ్చు. గడిని ఏమని అడుగుతాం?

పెళ్ళి సంగతి ఇంకా స్పష్టం. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో, కులానికి ప్రాణం కులంలోనే పెళ్ళి చేసుకోవడంలో ఉందని అంబేద్కర్ నిరూపించారు. పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లలో మొదటి గడుల్లోనే కులం, ఉపకులం, గోత్రం ఉంటాయి. పాతకాలం పెళ్ళిళ్ళ పేరయ్యకు పది ఊళ్ళు తెలుసు. ఇప్పటి యంత్రానికి అమెరికాలో ఉన్న అదే శాఖ పిల్లవాడు కూడా తెలుసు. దూరం తరిగినకొద్దీ కులం సడలుతుందని అనుకున్నాం. దూరం తరగడం వల్లనే కులానికి తన గిరిలో ఎక్కువ మంది దొరుకుతున్నారు. అదే 2011-12 సర్వే ప్రకారం కులాంతర వివాహాలు నూటికి ఐదు మాత్రమే.

సముద్రాలు దాటినా ఇదే కథ. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి, దళిత ఇంజనీరు పట్ల కుల వివక్ష జరిగిందంటూ సిస్కో కంపెనీ మీదా, ఇద్దరు భారతీయ అధికారుల మీదా కేసు పెట్టింది. 2023లో ఆ ఇద్దరి మీద కేసు ఉపసంహరించుకుని కంపెనీ మీద కొనసాగించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును మాత్రం అక్టోబర్‌లో గవర్నర్ తిప్పిపంపాడు. యంత్రాలు తయారయ్యే చోటే కులం మీద కేసులు నడుస్తుంటే, ఆ చేతులు చేసిన యంత్రం కులం లేనిదిగా ఉంటుందని ఎట్లా నమ్మాలి?

మన గొంతు కూడా పోయింది దూరం

ఇంతవరకూ చెప్పింది చదివి యంత్రం మనకు శత్రువని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. అచ్చుయంత్రం వచ్చినప్పుడు అంబేద్కర్ 1920లో ‘మూక్ నాయక్’, 1927లో ‘బహిష్కృత భారత్’ పెట్టారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ పత్రిక నడిపారు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాశారు. అందులో గుడిలోకి పోలేని మనిషి తన గోడును శివుడికి చేర్చమని గబ్బిలాన్ని బతిమాలతాడు. అందరి కబుర్లూ మోసినవాడికి తన కబురు మోసేవాడు దొరకలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమం చాటింపు మాటనే తన పేరు చేసుకుంది. ఊరి కోసం వేసిన దండోరా మన కోసం వేసుకున్న దండోరా అయింది.

సెల్‌ఫోన్‌తోనూ అదే జరిగింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు, పెద్ద పత్రికలు తేరుకునే లోపలే ఆయన ఉత్తరం దేశంలోని విద్యార్థుల చేతుల్లో ఉంది. 2018 మార్చి 20న అట్రాసిటీ చట్టాన్ని నీరుగార్చే తీర్పు వచ్చింది. ఏప్రిల్ 2న జరిగిన భారత్ బంద్‌కు ఏ పెద్ద పార్టీ నాయకత్వమూ లేదు. ఫోన్ల మీద పాకిన పిలుపుతో లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగినప్పుడు వార్త బయటికి రావడానికి మనుషులు పరుగెత్తాల్సి వచ్చింది.

అయితే తిట్టు కూడా అదే దారిలో ప్రయాణించింది. రచ్చబండ కాడ నలుగురి ముందు అనే మాట ఇప్పుడు నాలుగు వేల మంది ముందు, దొంగ పేరుతో అంటున్నారు. ఇంటర్నెట్‌లో చేసిన కుల దూషణ కూడా అట్రాసిటీ చట్టం కిందికి వస్తుందని 2022 జూలైలో కేరళ హైకోర్టు చెప్పింది. ఈ సంగతి ప్రతి వాడకూ తెలియాలి.

మేస్త్రీతో కొట్లాడొచ్చు

యంత్రం మనిషిని తప్పించినప్పుడు ఏమవుతుందో ఉపాధి హామీ పనుల్లో చూశాం. మా వాళ్ళు దాన్ని కరువు పని అంటారు. 2021 మేలో హాజరు ఫొటోలు తీసే యాప్ వచ్చింది, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పని చోట్లా తప్పనిసరి అయింది. రోజుకు రెండుసార్లు ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేకపోతే, ఫోను పనిచేయకపోతే, చేసిన పనికి హాజరు గల్లంతు.

మా చిన్నమ్మ మాటల్లో చెప్పాలంటే, “మేస్త్రీ తప్పు రాస్తే గల్లా పట్టి అడిగేదాన్ని. ఈ ఫోను గల్లా యాడుంటది?” పాత మేస్త్రీ మంచివాడని ఆమె అనడం లేదు. వాడికి మొహం ఉంది, ఇల్లు ఉంది, ఊళ్ళో పరువు ఉంది, అందుకని నిలదీయొచ్చు అంటోంది. కొత్త పద్ధతిలో ఫీల్డ్ అసిస్టెంటు ‘పైన సిస్టం తీసుకోలేదు’ అంటాడు, మండలం ఆఫీసులోనూ అదే మాట. పైన అంటే ఎక్కడ? 2025 డిసెంబర్‌లో పార్లమెంటు 2005 నాటి చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. చట్టం పేరు మారినా ఈ ప్రశ్న అట్లనే ఉంది.

బడి కూడా అంతే. కరోనా కాలంలో బడి ఫోనులోకి పోయింది. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో జరిగిన సర్వేలో, పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్ చదువు చదువుతున్న దళిత, ఆదివాసీ పిల్లలు నూటికి నలుగురే. మిగతా కులాల పల్లె పిల్లలు 15 మంది. బడి గోడ కూలింది అనుకున్న చోట ఫోను గోడ లేచింది.

రాబోయే కాలం

ఇక ముందుకు చూద్దాం. రెండు రకాల యంత్రాలు మన సంబంధాల్లోకి వస్తున్నాయి. ఒకటి మాట్లాడే యంత్రం, రెండు తీర్పు చెప్పే యంత్రం.

మాట్లాడే యంత్రం రాసి ఉన్న కోట్ల వాక్యాలను చదివి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో నేర్చుకుని జవాబు చెబుతుంది. భారతీయ భాషల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ని ప్రారంభించింది. ఇందులో మనకు మంచి ఉంది. అక్షరం రాని మా అవ్వ పింఛను ఎందుకు ఆగిందో తన నోటితో, తన యాసలో, ఎవరి ముందూ చేతులు కట్టుకోకుండా అడగగలిగితే అది స్వేచ్ఛే. గుమాస్తా విసుగు, కార్యదర్శి వెటకారం తప్పుతాయి. యంత్రం ‘ఏమే’ అనదు.

కానీ ఆ యంత్రం నేర్చుకున్న తెలుగు ఎవరిది? రాతలో ఉన్న తెలుగు ఎక్కువగా చదువుకున్న కులాల తెలుగు. మనది గొంతులో ఉంది, పాటలో ఉంది, డప్పు దరువులో ఉంది, చావు ఏడుపులో ఉంది. రాతలో మన గురించి ఉన్నది చాలావరకు ఇతరులు రాసిందే. కులాల్ని కించపరిచే సామెతలు ఎన్ని పుస్తకాల్లో అచ్చయ్యాయో లెక్కలేదు. అవన్నీ మింగిన యంత్రం వాటిని లోకజ్ఞానం అనుకుని మన పిల్లలకే అప్పజెప్పే ప్రమాదం ఉంది. మా అవ్వ మాట దానికి అర్థం కాకపోతే తప్పు అవ్వదే అవుతుంది. బళ్ళో మా యాసకు పడ్డ దెబ్బలు మాకు గుర్తున్నాయి. అవే దెబ్బలు ఈసారి చప్పుడు లేకుండా పడతాయి.

తీర్పు చెప్పే యంత్రం ఇంకా లోతుగా చూడాల్సింది. అప్పు ఎవరికి ఇవ్వాలి, ఉద్యోగానికి ఎవరిని పిలవాలి అని పాత లెక్కల్ని బట్టి నిర్ణయించే యంత్రాలు ఇవి. దానికి కులం చెప్పలేదు గదా, ఇక వివక్ష ఎక్కడిది అంటారు. కులం చెప్పనక్కర్లేదు. ఇంటిపేరు ఉంది, ఉండే వాడ ఉంది, చదివిన హాస్టల్ ఉంది, తండ్రి చేసిన పని ఉంది. పాత లెక్కల్లో ఈ గుర్తులున్నవాళ్ళకు అప్పు దొరకలేదనుకోండి, దొరకకపోవడమే పద్ధతని యంత్రం నేర్చుకుంటుంది. పాత కరణం అన్యాయం చేస్తే కరణం పేరు చెప్పి తిట్టుకునేవాళ్ళం. ఇక్కడ తిట్టడానికి ఎవరూ దొరకరు. అన్యాయం ఉంటుంది, అన్యాయం చేసినవాడు ఉండడు.

చట్టం ఏమంటోంది? 2019 నాటి సమాచార రక్షణ బిల్లులో కులాన్ని సున్నితమైన సమాచారంగా పేర్కొన్నారు. 2023లో వచ్చిన చట్టంలో ఆ వర్గీకరణనే తీసేశారు. దీని మీద మన సంఘాల్లో జరగాల్సినంత చర్చ జరగలేదు.

మనం ఏం చెయ్యాలి?

1945లో రాసిన పుస్తకంలో అంబేద్కర్ గాంధీ యంత్ర వ్యతిరేకతను ఖండించారు. మనిషికి తీరిక లేకపోతే సంస్కృతి లేదు, యంత్రం లేకపోతే కష్టజీవికి తీరిక లేదు, చెడు యంత్రంలో లేదు, దాన్ని కొందరి చేతుల్లో పెట్టే సమాజ నిర్మాణంలో ఉంది అన్నది ఆయన వాదన సారాంశం. మా తాత కాళ్ళను యంత్రమే బతికించింది. కాబట్టి వెనక్కి పోదామనే మాట మనది కాదు. వెనక్కి పోతే మనకు దొరికేది వెట్టి.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కులం సమాచారానికి చట్టంలో ప్రత్యేక రక్షణ ఉండాలి. అప్పు, ఉద్యోగం, పింఛను, కూలి విషయంలో యంత్రం ‘కాదు’ అంటే కారణం చెప్పాలి, జవాబు చెప్పే అధికారి మండలంలోనే ఉండాలి. ఇలాంటి యంత్రాలు దళితుల పట్ల ఎట్లా ప్రవర్తిస్తున్నాయో బయటివాళ్ళు పరీక్షించే ఏర్పాటు ఉండాలి. వాటిని తయారుచేసే చోట మనవాళ్ళు ఉండాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండ్‌కు ఇది కొత్త కారణం. మన అవ్వల మాటల్ని, పాటల్ని మనమే, వాళ్ళ అనుమతితో, మన అదుపులో ఉండేలా రికార్డు చేసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. యంత్రం కబురును చేర్చగలదు, మనిషిని గడప దాటించలేదు. గడప దాటడం అనేది ఉద్యమం చేయాల్సిన పని, చట్టం చేయాల్సిన పని, పెళ్ళి పంక్తిలో, బడి భోజనంలో, అద్దె ఇంట్లో రోజూ జరగాల్సిన పని. ఆ పని జరిగిందో లేదో కొలవడానికి మేము ఒక కొలత పెట్టుకున్నాం. వాడలో చావు జరిగిన రోజు ఊళ్ళో నుంచి ఎంతమంది నడిచివస్తారు?

మా తాత డప్పు మా ఇంట్లో దూలానికి ఇంకా వేలాడుతోంది. దాని మీద కొట్టిన ప్రతి కబురూ ఊరికి చేరింది. మన కబురు ఊరికి ఎట్లా చేరాలి అనేది ఈ తరం తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఈ చర్చను మన విద్యార్థులు, కార్యకర్తలు తమ తమ ఊళ్ళ అనుభవాలతో ముందుకు తీసుకుపోవాలని కోరుతున్నాం.